నాలుగు దారుల టేపు

షికాగో
12 జనవరి 1997

బాస్,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. బడి మానేశాక కాగితం మీద పాట తప్ప ఇంకేదీ రాసి ఎరగను, తప్పులుంటే నవ్వుకో.

డేల్ పోయి మూడు నెలలవుతోంది. నీ తమ్ముడి గురించి నీకే ఓదార్పు మాటలు చెప్పడం నాకు చేతకాదు. అసలు నాకే ఏమీ తెలియడం లేదు. పంటి డాక్టరు సూది పొడిచాక బుగ్గ ఎలా ఉంటుందో, పొద్దున లేచినప్పటినుంచి మనిషినంతా అలాగే ఉన్నాను. ఫ్రేముల కొట్టుకి వెళ్తాను, ఎవరెవరి పెళ్ళి ఫోటోలకో అద్దాలు బిగిస్తాను, ఇంటికొస్తాను. గిటార్ పెట్టె మూత తియ్యలేదు.

పని మీద రాస్తున్నాను. మార్నా గుర్తుందిగా, తన వంటింట్లోంచే రికార్డు కంపెనీ నడిపే మనిషి, మా మొదటి రెండు రికార్డులూ వేసింది. మూడోది వేస్తానంటోంది. వేసవిలో మీ ఇంటి కింద గదిలో మేం చేసిన తొమ్మిది పాటల టేపులూ నా దగ్గరే ఉన్నాయి. పదోది లేదు. సెప్టెంబరులో చేసిన ఆఖరి పాట. డేల్ తన దగ్గరే ఉంచుకున్నాడు. ఎందుకో చెప్తాను. నాకు పాడేటప్పుడు మాటలుండవు. మైకు ముందు నిలబడి నోటికొచ్చింది పాడేస్తాను, తర్వాత కూర్చుని బుద్ధిగా మాటలు రాసి మళ్ళీ పాడతాను. ఆ రోజు అలా పాడగానే డేల్ రికార్డింగ్ పెట్టెలోంచి టేపు తీసి జేబులో వేసుకున్నాడు. "నీ దగ్గరుంటే పాడు చేస్తావురా. ఇవే మాటలు. ఇంతకంటే మంచివి నీ జన్మలో రావు" అన్నాడు. నేను పంతానికి మళ్ళీ అడగలేదు.

ఆ మాటలు ఇప్పుడు నాకు ఒక్కటీ గుర్తు లేవు. రాసుకోలేదు. ఆ టేపులో తప్ప అవి ఎక్కడా లేవు. వాడు డ్రమ్స్ వాయించిన ఆఖరి పాట అది. ఒకప్పుడు నాలో ఏదో ఉండేదని నాకు నేను చెప్పుకోవడానికి మిగిలింది కూడా అదే. అందుకే అడుగుతున్నాను. నల్ల టేపు, మీద తెల్ల చీటీ, వాడి కోడిగీతల్లో "సెప్టెంబర్" అని ఉంటుంది. కింద గదిలో వెతికి పంపుతావా?

వెండెల్


యాష్టబ్యూలా, ఒహాయో
2 ఫిబ్రవరి

ఒరేయ్ పుల్లా,

ఉత్తరం అందింది. నీ చేతిరాత చూసి మా పోస్టుమాన్ ఇది డాక్టరు చీటీ అనుకున్నాడు.

ఇక్కడ సరస్సు మీంచి మంచు ఆగకుండా కురుస్తోంది. తెల్లారకముందే లారీ ఎక్కుతున్నాను, చీకటి పడ్డాక దిగుతున్నాను. రోడ్డు మీద మంచు గీకడం, మిగిలింది కరగడానికి ఉప్పు చల్లడం, మళ్ళీ గీకడం. మీ బ్యాండుకి నా లారీ మీది అక్షరాలు దొంగిలించి "కౌంటీ సాల్ట్" అని పేరు పెట్టుకున్నారు, ఇద్దరిలో ఒక్కడైనా ఒక్కసారైనా వచ్చి ఒక పార ఉప్పు ఎత్తారా?

అంత్యక్రియల రోజు నువ్వు చర్చి భోజనాల గదిలో కోటు తగిలించే కొయ్యలా నిలబడ్డావు. ఎవరో నీ చేతిలో హామ్ ముక్కల ప్లేటు పెడితే అది పట్టుకుని సాయంత్రం దాకా అలాగే ఉన్నావు. నేను చూశాను. తిట్టడానికి చెప్పడం లేదు. నేనూ ఏడవలేదు. అందరూ నా భుజం తడుతుంటే ఎప్పుడు ఇంటికెళ్ళి బూట్లు విప్పుతానా అనుకున్నాను. టైర్ల కొట్టులో నిలబడి నవ్వుతున్నవాడు నవ్వుతూనే కింద పడ్డాడని చెప్పారు. తల్లో నరం చిట్లిందట. నాకది ఎవరింట్లోనో జరిగినట్టు ఉంది.

కింద గదిలోకి నేను వెళ్ళలేదు. మెట్ల తలుపు వేసే ఉంది. వీలు చూసుకుని వెతుకుతాను. తొందరపెట్టకు.

రోవెనా


షికాగో
24 ఫిబ్రవరి

బాస్,

తొందరపెట్టడం లేదు. మార్నా తొందరపెడుతోంది, నేను మధ్యలో పోస్టుమాన్‌ని.

ఒక్క సంగతి ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను. టేపు దొరికితే మామూలు టేప్ రికార్డర్లో మాత్రం పెట్టకు. అది మా నాలుగు ట్రాకుల పెట్టె కోసం చేసింది. నీకు అర్థమయ్యేలా చెప్తాను. టేపుని నీ రోడ్డు అనుకో. నాలుగు వరసల రోడ్డు. మామూలు రికార్డర్ దృష్టిలో రెండు వరసలు వెళ్ళడానికి, రెండు రావడానికి. అందుకే ఒక పక్క అయ్యాక తిప్పి రెండో పక్క వింటాం. మా పెట్టె అలా కాదు, నాలుగు వరసల్లోనూ బళ్ళు ఒకే దిక్కుకి పోతాయి. మొదటి రెండింటిలో డేల్ డ్రమ్స్, మూడో దాంట్లో నా గిటార్, నాలుగో దాంట్లో నా గొంతు. పైగా రెట్టింపు వేగం. మామూలు దాంట్లో పెడితే ఒక పక్క డ్రమ్స్ నత్తనడక నడుస్తాయి. తిప్పితే నేను వెనక్కి పాడుతుంటాను. పాడైన టేపు అనుకుని ఎవరైనా పారేస్తారు.

అందుకే చెప్తున్నా. దొరికితే ఏమీ చెయ్యకుండా గుడ్డలో చుట్టి పంపెయ్.

కొట్టులో నిన్న ఒకామె చనిపోయిన కుక్క ఫోటో తెచ్చింది. ఫ్రేము బిగించి ఇస్తే అక్కడే నిలబడి ఏడ్చింది. నాకు అసూయ వేసింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను.

వెండెల్


యాష్టబ్యూలా
24 ఫిబ్రవరి

పుల్లా,

నీకు నిజం చెప్పలేదు. టేపు కింద గదిలో లేదు. టైర్ల కొట్టువాళ్ళు వాడి కోటు తెచ్చిచ్చారు, దాని లోపలి జేబులో ఉంది. నవంబరు నుంచీ నా వంటింట్లోనే ఉంది. రొట్టెల డబ్బా పక్కన నా పాత టేప్ రికార్డర్లో.

ఎందుకు పంపలేదంటే, నేను రోజూ వింటున్నాను. నవ్వకు.

మొదట్లో ఏదో చప్పుడు, కుర్చీ జరిపినట్టు. తర్వాత మావాడు లెక్కపెడతాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అబ్బ, ఎంత నెమ్మదిగానో. గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు లోతుగా ఉంటుంది. అచ్చు మా తాతయ్య కుజావా గొంతు. తాతయ్య రేవులో బొగ్గు దింపి వచ్చి అన్నం ముందు కూర్చున్నప్పుడు అలాగే ఒక్కో మాటా మోసుకొచ్చి దింపేవాడు. తర్వాత డ్రమ్స్, ఒక్కో దెబ్బా తీరిగ్గా, ఎక్కడికీ పోయే పని లేనట్టు. మీరు ఎప్పుడూ తరుముకొస్తున్నట్టు వాయించేవాళ్ళు కదా, ఇదేమిటి ఇంత నిదానం అనుకున్నాను. ఆఖరికి వాడికి బుద్ధొచ్చిందనుకున్నాను.

వాడు బతికుంటే అరవై ఏళ్ళకి అలాగే మాట్లాడేవాడు. నాకు ఆ ముసలి డేల్ నచ్చాడు. కాఫీ పెట్టుకుని వాడి లెక్క వింటాను, పనికి పోతాను. ఏడుపు రాదు కానీ బూట్లు వేసుకునే ఓపిక వస్తుంది.

రెండో పక్క మాత్రం చెత్త. ఎవడో తాగుబోతు నాలిక మడతేసి తిట్టినట్టు ఒకటే గొణుగుడు. టేపు పాడైందనుకున్నాను. ఎలాగూ పనికిరాదని ఒకరోజు, మావాడి పాట అవగానే టేపు తిప్పి, రికార్డు చేసే ఎర్ర మీట నొక్కి ఆ పక్కని నేను వాడుకున్నాను. కాసేపటికి టేపు దానంతటదే ఆగిపోయింది. ఏం చెప్పానని అడక్కు, నా సొంత గోల. నీ పాట ఉన్న పక్క జోలికి పోలేదులే, భయపడకు.

శనివారం రోడ్లు తెరిచి ఉంటే పోస్టు చేస్తాను. ఇన్నాళ్ళు ఉంచుకున్నందుకు ఏమీ అనుకోకు. ఇచ్చేస్తుంటే వాణ్ణి మళ్ళీ ఇంట్లోంచి పంపించేస్తున్నట్టు ఉంది.

రోవెనా


షికాగో
10 మార్చి

బాస్,

టేపు అందింది. పాట బాగానే ఉంది. డ్రమ్స్ చాలా శుభ్రంగా వచ్చాయి.

మార్నాకి చెప్పాను. థాంక్స్. ఒంట్లో బాగుందా?

వెండెల్


యాష్టబ్యూలా
17 మార్చి

వెండెల్,

నీ నాలుగు వరసల ఉత్తరం నేను టేపు పోస్టు చేసిన తర్వాత వచ్చింది. మంచు వల్ల ఎక్కడో ఆగినట్టుంది. చదివాను. మళ్ళీ చదివాను. లారీలో పెట్టుకుని భోజనాల వేళ ఇంకోసారి చదివాను.

నాకు చదువు తక్కువేమో గానీ రోడ్లు తెలుసు. నువ్వు పాడిన వరసల మీద నేను గీకుడు బండి తోలాను. తాగుబోతు గొణుగుడు అన్నది నీ పాట. మావాడు జేబులో దాచుకున్న మాటలు. అవునా?

అంతా తెలిసి కూడా "పాట బాగానే ఉంది, ఒంట్లో బాగుందా" అని రాస్తావా? పదమూడేళ్ళప్పటినుంచి నా వంటింట్లో మా పోలండు కుడుములు, పిరోగీలు, తిన్నవాడివి, నాకు అబద్ధం చెప్పడానికి నీకు మొహం ఎలా వచ్చింది? నన్ను తిట్టు. ఏ పాపం తెలియనట్టు రెండు ముక్కలు గీకి పంపకు. ఆ ఉత్తరం చూస్తే హామ్ ప్లేటు పట్టుకున్న నీ మొహమే కనిపించింది.

నిజం రాయి. ఏం మిగిలింది?

రోవెనా


షికాగో
23 మార్చి

బాస్,

సరే, నిజం.

నా గొంతు లేదు. గిటార్ లేదు. రెండూ పూర్తిగా పోయాయి. పని పూర్తయిన టేపు అయితే అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకు విరిచేసేవాళ్ళం, అప్పుడు ఎర్ర మీట నొక్కినా పడదు. ఈ పాటకి డేల్ ఇంకేదో గిలక్కాయ శబ్దం కలపాలన్నాడు, అందుకని విరవలేదు. తప్పు ఎవరిదైనా ఉంటే ఆ గిలక్కాయది. నీ మీద నాకు కోపం రాలేదు. రావాల్సింది, రాలేదు. అందుకే ఆ చచ్చు ఉత్తరం రాశాను. అబద్ధం చెప్పాలని కాదు, చెప్పడానికి లోపల ఏమీ లేక.

టేపు వచ్చిన రోజు ఏం జరిగిందో చెప్తాను. నువ్వు "ఆ పక్కని వాడుకున్నాను" అని రాసిన ఉత్తరం ముందే వచ్చింది కాబట్టి నాకు తెలుసు. అయినా పెట్టెలో పెట్టాను. డేల్ లెక్కపెట్టాడు, వాడి మామూలు గొంతుతో, వాడి మామూలు తొందరతో. డ్రమ్స్ మొదలయ్యాయి. నా గొంతు రావాల్సిన చోట ఇంకేదో వచ్చింది. పల్చగా, గబగబా, ఒక చిన్నపిల్ల తనలో తాను పాడుకుంటూ వాకిట్లో తిరుగుతున్నట్టు. ఒక్క ముక్క అర్థం కాదు. నువ్వే అది. మా పెట్టెలో నువ్వు వెనక్కి నడుస్తావు, రెట్టింపు వేగంతో.

తిప్పి వినలేదు. నీ సొంత గోల అన్నావు కదా. మా పెట్టెలో వచ్చినట్టు మాత్రమే విన్నాను.

తర్వాత వారం రోజులు ఆ డ్రమ్స్ మీద నేను మళ్ళీ పాడాలని చూశాను. మైకు ముందు నిలబడితే నోరు తెరుచుకుంటుంది, అంతే. మార్నా వచ్చి విని, "వద్దులే, తొమ్మిది పాటలతోనే వేద్దాం. పదోది పోయిందనుకుందాం" అంది. సరేనన్నాను. ఆమె కోటు వేసుకుంటుంటే ఎందుకో టేపు ఇంకోసారి పెట్టాను, నువ్వు ఉన్నదే. ఆమె ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట పెట్టుకుని పాట అయ్యేదాకా అలాగే నిలబడింది. "ఎవరీ అమ్మాయి?" అంది. "ఉప్పు లారీ నడుపుతుంది" అన్నాను.

అడగడానికి నాకు హక్కు లేదు, అయినా అడుగుతున్నాను. ఇది ఇలాగే రికార్డు చివర పెట్టనిస్తావా? డేల్ డ్రమ్స్, నువ్వు. నేను ఉండను. వినేవాళ్ళకి ఒక్క మాట తెలియదు, నేను మాటిస్తున్నాను.

ఇంకోటి. మా రికార్డుల్లో డేల్ లెక్క ఎప్పుడూ కోసేసేవాళ్ళం. వాడే పట్టుబట్టి కోయించేవాడు. "వడ్డించేముందు గరిటె చప్పుడు ఎవడికి కావాలిరా" అనేవాడు. అందుకే మూడు రికార్డుల్లో ఎక్కడా వాడి గొంతు లేదు. ఈ ఒక్కదాంట్లో ఉంచుతాను. వాడు ఒప్పుకోడు. రమ్మను, వచ్చి గొడవ పెట్టుకోమను.

వెండెల్


యాష్టబ్యూలా
5 ఏప్రిల్

పుల్లా,

మంచు కరిగింది. లారీని కడిగి షెడ్డులో పెట్టాం. ఇప్పుడు గుంతలు పూడుస్తున్నాను.

నువ్వు అడిగింది లారీలో కూర్చుని ఆలోచించాను, పారతో తారు వేస్తూ ఆలోచించాను. నా గొంతు చర్చిలో కూడా వద్దనేవాళ్ళు, పక్క వరసవాళ్ళ శ్రుతి చెడుతుందని. అలాంటిది రికార్డు మీదా? మావాడు వింటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

పెట్టుకో. నా పేరు మాత్రం వెయ్యకు. వేస్తే గ్యారేజీలో నా కుర్చీ మీద పూలు పెట్టి ఏడిపిస్తారు.

ఇంకోటి, నువ్వు టేపు తిప్పి విను. నీ పాట చెరిపి నేనేం చెప్పానో నీకు తెలియాలి. ఎవరో ఒకరు వినాలి. వాడు ఎలాగూ వినలేదు.

రోవెనా


షికాగో
14 ఏప్రిల్

బాస్,

విన్నాను.

వాడు నీ మంచు పార తీసుకెళ్ళి తిరిగివ్వలేదని తిట్టావు. శుక్రవారం చేపలు వేయించానని, ఇద్దరికీ సరిపడా వేయించి తర్వాత గుర్తొచ్చిందని చెప్పావు. అంత్యక్రియల్లో ఏడవలేదని, వాడు ఏమైనా అనుకున్నాడేమోనని అడిగావు. తర్వాత చాలాసేపు ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంటుంది. ఆఖర్న, "సరే, ఉప్పు చల్లాలి, వెళ్తున్నా" అన్నావు. టేపు ఆగిపోయింది.

నీకు తెలియదు గానీ మా పెట్టెలో నీ చివర మా మొదలు. నువ్వు "వెళ్తున్నా" అన్న చోటు, వాడు "ఒకటి" అనే చోటు, టేపు మీద పక్కపక్కనే ఉన్నాయి. ఎవరైనా కొలిచి పెట్టినా అలా పడదు.

నా మాటలు పోయినందుకు నాకిప్పుడు బాధగా ఉంది. నిన్నటినుంచీ. చాలా బాధగా ఉంది, బాస్. అది మంచి పాట. ఇలా రాయగలుగుతున్నందుకు నీకు చెప్పాలనిపించింది.

గిటార్‌కి కొత్త తీగలు వేశాను. ఇంకా ఏమీ వాయించలేదు.

వెండెల్


యాష్టబ్యూలా
20 అక్టోబరు 1997

పుల్లా,

రికార్డు వచ్చింది. అట్ట మీద మంచులో నా లారీ ఫోటో వేశారు, నంబరు ప్లేటు కనపడకుండా చేశారు, బతికిపోయాను.

రికార్డు ప్లేయర్ ఎక్కడుందో నీకు తెలుసు. వారం రోజులు రికార్డుని రొట్టెల డబ్బాకి ఆనించి పెట్టి చుట్టూ తిరిగాను. నిన్న ఆదివారం మెట్ల తలుపు తీశాను. కింద గదిలో వాడి డ్రమ్స్ మీద వాడే కప్పిన దుప్పటి అలాగే ఉంది. మంచు పార గోడకి ఆనించి ఉంది, దొంగవెధవ. దుప్పటి తియ్యలేదు. స్టూలు మీద కూర్చుని మొదటినుంచీ విన్నాను. తొమ్మిది పాటలు విన్నాను. నువ్వు బాగా పాడతావురా, నీ మొహం మీద ఎప్పుడూ చెప్పలేదు.

పదోది వచ్చింది. కుర్చీ చప్పుడు. తర్వాత వాడు.

ఒకటి రెండు మూడు నాలుగు. అంతే. ఎంత గబగబా అన్నాడో. నేను ఇన్నాళ్ళూ విన్న ముసలాయన కాదు. కుర్రాడు. బస్సు వెళ్ళిపోతుందని పరిగెత్తే కుర్రాడి గొంతు. వాడికి ఇరవై తొమ్మిదేళ్ళని నాకు తెలుసు, సమాధి రాయి మీద చెక్కించిందే నేను. కానీ నాకు ఆ నాలుగు మాటలు వినేదాకా తెలియలేదు. వాణ్ణి నేనే అరవై ఏళ్ళవాణ్ణి చేసుకుని కాఫీతో కూర్చోబెట్టుకున్నాను. వాడు ముసలాడు కాలేదు, వెండెల్. కాడు కూడా.

అప్పుడు ఏడ్చాను. ఆ పిల్ల ఎవరో వెనక్కి పాడుతూనే ఉంది, డ్రమ్స్ మోగుతూనే ఉన్నాయి, నేను ఏడుస్తూనే ఉన్నాను. పాట అయిపోయాక కూడా సూది గీసుకుంటూ తిరుగుతుంటే లేచి తియ్యలేకపోయాను. ఏడాది ఏడుపు ఒక్కసారే వచ్చింది. తర్వాత పైకొచ్చి, మొహం కడుక్కుని, ఇద్దరికి సరిపడా పిరోగీలు చేసి మొత్తం నేనే తిన్నాను.

ఈ రికార్డు నాకు చాలు, ఇది నిజం కాబట్టి. కానీ ఒక పని చేసిపెట్టు. నీ దగ్గర టేపు ఉంది కదా, అందులోంచి మావాడి లెక్కా డ్రమ్సూ మాత్రం, నా వంటింటి రికార్డర్లో వినిపించినట్టు నెమ్మదిగా ఇంకో టేపు మీద ఎక్కించి పంపు. పలుకు విరిచి పంపు, మళ్ళీ నా చెయ్యి పడకుండా. తొందరేమీ లేదు. నాకిప్పుడు ముప్పై ఎనిమిది. కుర్రాడు ఇప్పటికి చాలు. నేను ముసలిదాన్నయ్యాక వంటింట్లో కూర్చుంటే, నా ఈడు తమ్ముడు ఒకడు ఎదురుగా ఉండాలి.

రోవెనా